పది లెక్కపెట్టేలోపే చూడాలి

మొన్న సోమవారం నుంచి మా వార్డుకు ఇద్దరు పిల్లలు ఫీల్డ్ ట్రైనింగ్‌కు వస్తున్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా చదువుతున్నారు. మొదటి రోజు తెల్లారుజామున ఐదున్నరకు కార్మికుల హాజరు వేసే మస్టర్ దగ్గర ఆవలిస్తూ నిలబడి, వాళ్ళలో ఒకమ్మాయి "మేడమ్, ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే కదా, మళ్ళీ ఇన్ని రోజులు ఎందుకు తిప్పుతారు?" అని అడిగేసింది. నాకు కోపం రాలేదు. కొత్తలో నేనూ అదే అనుకున్నాను, పైకి అనలేదు, అంతే తేడా. అప్పటికప్పుడు జవాబు తోచక "ముందు టీ తాగు తల్లీ" అన్నాను గానీ, ఆ ప్రశ్న రెండు రోజులుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

నాది బీఎస్సీ మైక్రోబయాలజీ. 2019లో మన ఆంధ్రాలో సచివాలయాల నోటిఫికేషన్ పడ్డప్పుడు ఊళ్ళో డిగ్రీ ఉన్నవాళ్ళు దాదాపు అందరూ రాశారు, నేనూ రాశాను. సెప్టెంబర్‌లో పరీక్ష, అక్టోబర్ 2న సచివాలయాలు మొదలు. వార్డు శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఇంత పొడుగు పేరున్న ఉద్యోగం. మా నాన్న బంధువులకు చెప్పేటప్పుడు ముందున్న శానిటేషన్ మింగేసి "ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ" అని మాత్రమే చెప్పేవారు. రెండేళ్ళు ప్రొబేషన్, నెలకు 15 వేలు. పొద్దున్నే కార్మికులకు మస్టర్ వేయించడం, కాలవలు, చెత్త, దోమలు, ప్లాస్టిక్ సంచుల తనిఖీ, అన్నీ మావే. నీళ్ళ పని అసలు ఎమెనిటీస్ (వసతుల) సెక్రటరీది, కానీ రోజూ కుళాయిల దగ్గర క్లోరిన్ చూడటం మాత్రం మా వార్డులో ఇద్దరం పంచుకునేవాళ్ళం.

చేరిన కొత్తలో ఒక హాల్లో కూర్చోబెట్టి తరగతులు చెప్పారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు, తడి చెత్త, పొడి చెత్త, ఇళ్ళలో వచ్చే ప్రమాదకరమైన చెత్త, బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం క్లోరిన్, వెయ్యి లీటర్ల నీళ్ళకు రెండున్నర గ్రాములు, చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అడిగిన ప్రతిదానికీ నేనే చెయ్యెత్తాను. ఆ తరగతులు దండగ అని నేనను. ఆ 33 అన్న అంకె తెలియకపోతే తర్వాత చాలా సంగతులు నా తలకెక్కేవి కావు. కాకపోతే అంకె తెలిసినంత మాత్రాన బస్తా విప్పి, ఇది పనికొస్తుందో రాదో చెప్పలేం కదా. మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పేవారు. పొడి గడ్డలు కట్టి, మూతి విప్పినా కళ్ళు మండకపోతే, "ఇది సున్నం కిందే లెక్కమ్మా, డబుల్ వేసినా దండగే, వెనక్కి పంపు" అనేవారు. గాలి, తేమ, ఎండ తగిలితే క్లోరిన్ ఎగిరిపోతూనే ఉంటుంది, సంచి మీద ఏం అచ్చేసి ఉన్నా సరే. బావిలో వేసేటప్పుడు కూడా పొడిని అలాగే కుమ్మరించకూడదు, బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది, పై తేట మాత్రమే వంచి పొయ్యాలి. నాకు ఇదంతా స్లైడ్‌లో చూపించారు. కానీ ఆ పది నిమిషాలు ఆగే ఓపిక స్లైడ్ నేర్పలేదు. పక్కన ఆయన నిలబడి "ఆగు, ఆగు" అంటే వచ్చింది.

మొదటి వారం ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని తిరిగాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆరో రోజో ఏడో రోజో, పుష్‌కార్టు తోసే ఒకామె, మా అమ్మ వయసుంటుంది, మెల్లగా "ముక్కు కట్టేసుకుంటే ఎట్టా మేడమ్ గారూ, ఏ కాలవ పారతందో ఏది నిలిచిందో వాసనే గదా చెప్పేది" అంది. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పింది. సిగ్గుతో కర్చీఫ్ తీసి బ్యాగులో పెట్టాను. తర్వాత నెల రోజులకు వాసనల్లో తేడా తెలియడం మొదలైంది. వంటింటి నీళ్ళు నిలిస్తే పులిసిన వాసన, అడుగున సిల్ట్, అంటే పూడిక, కదలక వారాలైతే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఎవరైనా సెప్టిక్ ట్యాంకు గొట్టం గుట్టుగా సైడు కాలవలోకి వదిలితే అది ఇంకో రకం, దాన్ని ఒకసారి గుర్తుపడితే మళ్ళీ మర్చిపోలేం. వెంట మా మేస్త్రీ ఉండేవాడు, చేతిలో ఎప్పుడూ ఒక ఇనుప ఊచ. నడుస్తున్నంతసేపూ రోడ్డు వైపు చూడడు, కాలవ అంచు చూస్తాడు. ఊచ గుచ్చి సిల్ట్ ఎన్ని అంగుళాలుందో చెప్పేస్తాడు. కాలవలో మెతుకులు తేలుతుంటే పై ఇళ్ళల్లో తడి చెత్త బుట్టలో వెయ్యట్లేదని, పసుపు నీళ్ళు వస్తుంటే ఎక్కడో ఫంక్షన్ జరుగుతోందని, రేపు ఆ ఇంటి ముందు ఆకులు, గ్లాసులు ఓ బండెడు ఉంటాయని, ఇవాళే ట్రాక్టర్‌కు చెప్పి పెట్టుకోవాలని. ఇది ఏ సిలబస్‌లో రాస్తారు?

దోమల పని నేర్పింది మాత్రం మలేరియా వింగ్‌లో ముప్పై ఏళ్ళు చేసిన పెద్దాయన. నేను ఒక వీధిలో ఇరవై ఇళ్ళు తిరిగి తొట్లు, డ్రమ్ములు అన్నీ చూసి లార్వా (నీళ్ళలో పెరిగే దోమ పిల్ల) ఎక్కడా లేదని రాసుకొచ్చాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ అదే వీధిలో మొదటి ఇంటికి తీసుకెళ్ళాడు. డ్రమ్ము దగ్గర "చూడండమ్మా" అన్నాడు. వంగి చూశాను, ఏమీ లేవు. "ఎండకు వీపు పెట్టి వంగారు, మీ నీడ నీళ్ళ మీద పడింది, నీడ పడగానే అవి అడుక్కు పోతాయి. ఇటు పక్కకు రండి, కదలకుండా కాసేపు ఆగండి, గాలి కోసం పైకి రాక చస్తాయా?" అన్నాడు. ఆగాం. నిమిషం అయిందో లేదో ఒకటి, రెండు, తర్వాత ఓ పదిహేను, తలకిందులుగా వేలాడుతూ పైకి తేలాయి. అలా తోక పైకి పెట్టి వేలాడితే డెంగ్యూ దోమో క్యూలెక్స్ దోమో, నీటికి సమాంతరంగా పడుకుని ఉంటే మలేరియా తెచ్చే అనాఫిలిస్ అని పుస్తకంలో బొమ్మ చూసే ఉన్నాను, బొమ్మలో నీడ లేదు మరి. ఆ రోజు ఆ ఇరవై ఇళ్ళల్లో నాలుగింట్లో దొరికాయి. అంటే హౌస్ ఇండెక్స్, నూటికి ఎన్ని ఇళ్ళల్లో లార్వా ఉందో చెప్పే లెక్క, నేను రాసింది సున్నా, నిజంగా ఉన్నది 20. డెంగ్యూ వచ్చే ముందు ఆ అంకె ఎంత పని చేస్తుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి చూశాను. ఎవరింట్లో దొరికినా "మీరు దోమలు పెంచుతున్నారు" అని ఎప్పుడూ అనడు. గాజు గ్లాసులో ఇన్ని నీళ్ళు ముంచి ఆ ఇంటి పిల్లలకు చూపిస్తాడు. "ఇవిగోరా, వారం పోతే రెక్కలొచ్చి మిమ్మల్నే కుడతాయి" అంటాడు. పిల్లలు అమ్మా అమ్మా అని అరుస్తారు, ఆమె వచ్చి చూసి తనే డ్రమ్ము పారబోస్తుంది. పారబోస్తే చాలదు, గుడ్లు అంచుకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయి కూడా బతికే ఉంటాయి, పీచు పెట్టి రుద్దాలి, అది ఆమెకు చూపించి మరీ కదులుతాడు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి ఫ్రైడే డ్రై డే అని పెట్టారు, శుక్రవారానికి వేరే మహత్యం ఏమీ లేదు. అయితే నావల్ల ఆయనకూ ఒక లాభం జరిగింది. ముప్పై ఏళ్ళుగా ఆయన గడప దాటి వంటింట్లోకి పోలేదు, మగమనిషి కదా. నేను వెళ్ళి ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూస్తే ప్రతి వీధిలో ఒకటో రెండో దొరికేవి. "ఇన్నేళ్ళూ ఇది నాకు చిక్కలేదమ్మా" అని పదిమందికీ చెప్పుకున్నాడు.

ఏటా ఆగస్టు 20న దోమల దినం ర్యాలీ తీస్తాం. 1897లో అదే రోజున రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో, బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు కదా, అందుకని. బ్యానర్ ఒక కర్ర ఆయన, ఒక కర్ర నేను పట్టుకుని నడుస్తుంటే "ఆ దొర కూడా నాలుగు దోమల్ని కోసి, ఏమీ లేవని రాసేసి పడుకుని ఉంటే?" అని నా వైపు చూసి నవ్వాడు. నా ఇరవై ఇళ్ళ సంగతి ఆయన మర్చిపోలేదన్నమాట.

ఇంతవరకు చదివి, పని మీద నేర్చుకోవడం అంటే అంతా మంచే అనుకోకండి. పాతవాళ్ళ దగ్గర మంచి అలవాట్లతో పాటు చెడ్డవీ వస్తాయి, రెండూ ఒకే నమ్మకంతో నేర్పుతారు, అదీ చిక్కు. పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే రోడ్డు పక్కన సున్నం, బ్లీచింగ్ కలిపి గీతలు గీయడం చూస్తుంటారు కదా, ముగ్గు వేసినట్టు. దానివల్ల ఏ క్రిమీ చావదు, పొడి వృథా, చల్లే మనిషి ఊపిరితిత్తులకు చేటు. అయినా చేరిన నెలలోనే ఆ గీత వంకర లేకుండా గీయించడం నాకు వచ్చేసింది. ఫాగింగ్ కూడా అంతే. పొగ వస్తే జనం సంతోషిస్తారు, కౌన్సిలర్ సంతోషిస్తాడు, ఆ పూటకు ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, డ్రమ్ములో ఉన్నవి మాత్రం హాయిగా పెరుగుతుంటాయి. పది లీటర్ల నీళ్ళలో రెండున్నర మిల్లీలీటర్ల అబేట్ (లార్వాను చంపే మందు) కలిపి కాలవలో కొడితే అంతకంటే పని జరుగుతుంది గానీ, దానికి పొగ రాదు, ఫోటో బాగుండదు.

అన్నిటికంటే చెడ్డది కుర్చీ రీడింగ్. అంటే క్లోరిన్ రిజిస్టర్ ఆఫీసులో కూర్చుని నింపెయ్యడం. ట్యాంకు దగ్గర 1.0, మధ్యలో 0.5, చివర 0.2, రోజూ అవే అంకెలు, కిందనే సంతకం. ఒక సీనియర్ నాకు ఇది ప్రేమగానే నేర్పించాడు, "ఎండలో ఎందుకమ్మా తిరగడం" అని. నేను అలా చేయలేదు. ఇంకోలా చేశాను, అది చివర్లో చెప్తాను.

కరోనా రోజుల గురించి ఎక్కువ రాయను, అందరూ చూసిందే. 5 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు కలిపితే 1 శాతం ద్రావణం, అది మూడు నెలల్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేంత అలవాటైంది. మనుషుల మీద కూడా కొట్టమని జనం బతిమాలేవారు, కూరగాయల మార్కెట్ ముందు మనుషుల మీద మందు చల్లే సొరంగం ఒకటి కూడా కట్టారు, 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ మనుషుల మీద చల్లొద్దని చెప్పాక దాన్ని పీకించాం. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మళ్ళీ మొదలైంది, ఈసారి అందరికీ. పుష్‌కార్టు ఆమె నన్ను చూసి "ఇంక కాలవలు మాతో మాట్టాడవు మేడమ్ గారూ" అని నవ్వింది.

ఆ ఏడాది డిసెంబర్ మొదటివారంలో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో, తల తిరిగి పడిపోయారు, గుర్తుండే ఉంటుంది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. అది మా ఊరు కాదు గానీ ఆ వార్తతో అన్ని ఊళ్ళల్లోనూ నీళ్ళ శాంపిళ్ళ హడావుడి మొదలైంది, నాకూ పది పాయింట్లు ఇచ్చారు. నేను కొత్త మినరల్ వాటర్ సీసాలు కొని, నీళ్ళు పారబోసి, రెండుసార్లు శుభ్రంగా కడిగి, కుళాయి నీళ్ళు మూతి దాకా పట్టి, స్కూటీ డిక్కీలో పెట్టుకుని వెళ్ళాను. ల్యాబ్‌లో అతను పదింటినీ వరసగా టేబుల్ మీద పెట్టి, ఏం చెప్పాలో తెలియనట్టు నా మొహం చూశాడు. సెమిస్టర్ల తరబడి పెట్రి డిష్‌లు కడిగిన మనిషిని, నాకు తెలియదా? తెలుసు, కానీ వీధిలో కుళాయి ముందు నిలబడితే తెలిసింది గుర్తు రాలేదు, అదీ విషయం.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ గారు తనే వచ్చారు. క్రిముల పరీక్షకు సీసా ల్యాబే ఇస్తుంది, స్టెరిలైజ్ చేసి. అడుగున కొంచెం సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది, కడగకూడదు, ఎందుకంటే అది నీళ్ళలో క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. లేకపోతే ల్యాబ్‌కు వెళ్ళే దారిలో క్లోరిన్ ఉన్న క్రిముల్ని చంపేసి, చెడ్డ నీళ్ళు కూడా మంచివని రిపోర్టు వస్తుంది. స్పిరిట్‌లో ముంచిన దూది ముట్టించి కుళాయి మూతి కాల్చాలి, ప్లాస్టిక్ కుళాయి అయితే స్పిరిట్‌తో తుడవాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి. మూత తీసి చేతిలోనే పట్టుకోవాలి, లోపలి వైపు వేలు తగలకూడదు, సీసాలో కాస్త ఖాళీ ఉంచాలి, వెంటనే ఐసు డబ్బాలో పెట్టాలి, అదే రోజు చేరాలి. లోహాల పరీక్షకు సీసా వేరు, పద్ధతి వేరు. మొదటి మూడు ఆయన పట్టారు, నేను చూశాను. తర్వాత మూడు నేను పట్టాను, ఆయన చూశారు. మిగతా నాలుగు నన్నొక్కదాన్నే పంపించి ఆయన బండి మీద కూర్చుని పేపర్ చదువుకున్నారు. ఏదో పెద్ద పద్ధతి పాటిస్తున్నానని ఆయన అనుకుని ఉండరు, కానీ నేను ఇప్పుడు ఈ పిల్లలకు నేర్పేది సరిగ్గా ఆ మూడు, మూడు, నాలుగు లెక్కలోనే.

ఇక అసలు సంగతి. 2021 వానాకాలం. మా వార్డులో మూడో లైను అని పిలిచే వీధి ఒకటుంది, పైపులైను అక్కడితో ఆఖరు, నీళ్ళు పొద్దున గంట మాత్రమే వస్తాయి. అక్కడ చివరి ఇంటి దగ్గర నేనే స్వయంగా క్లోరిన్ చూశాను. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్ళు గీత దాకా పట్టి, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తెచ్చే ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేసి, రిజిస్టర్‌లో ఇంటి నంబరు, పేరు రాసుకుంటూ, ఆమె తన పింఛను సంగతి అడిగితే ఫోన్ తీసి చూసి చెప్పి, అప్పుడు గొట్టం ఎత్తి చూస్తే లేత పసుపు. 0.2 రాసి సంతకం పెట్టి వచ్చేశాను. కుర్చీ రీడింగ్ కాదు కదా, వెళ్ళి చూసిందే కదా అని మనసులో కొంచెం గర్వం కూడా.

నాలుగో రోజు ఏఎన్ఎం ఫోన్ చేసింది, మూడో లైనులో వాంతులు, విరేచనాలు, రెండు రోజుల్లో తొమ్మిది మంది, ఒక ముసలాయనకు సెలైన్ ఎక్కుతోంది. ఇన్‌స్పెక్టర్ గారు రిజిస్టర్ తెప్పించి చూసి "ఇక్కడ నువ్వే చూశావా, నిజంగా వెళ్ళావా?" అని అడిగారు. వెళ్ళానన్నాను, ఏడుపొచ్చింది. ఆయన అరవలేదు, "పద, మళ్ళీ చూద్దాం" అన్నారు. మర్నాడు నీళ్ళు వదిలే వేళకు అదే ఇంటి ముందు అదే గొట్టంలో నీళ్ళు పట్టించి, చుక్కలు నాతోనే వేయించి, "పైకి లెక్కపెట్టు" అన్నారు. ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టాను. గొట్టం నీళ్ళలాగే ఉంది, రంగు లేదు. "ఇప్పుడు దాన్ని అక్కడ పెట్టి, ఇటు రా" అని అరుగు మీద కూర్చోబెట్టారు. పది పదిహేను నిమిషాలు. మెల్లగా, పాలలో చిటికెడు పసుపు కలిసినట్టు, లేత పసుపు తిరిగింది. నేను రాసిన 0.2 అదే.

పదిలోపు వచ్చే రంగు స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ది, క్రిముల్ని చంపేది అది. తర్వాత నింపాదిగా వచ్చే రంగు అప్పటికే మురుగులోని అమ్మోనియా లాంటి వాటితో కలిసిపోయిన క్లోరిన్‌ది, దాని బలం చాలా తక్కువ. అంటే ఆలస్యంగా వచ్చిన ఆ పసుపు, నీళ్ళు బాగున్నాయని కాదు, ఎక్కడో మురుగు కలుస్తోందేమో చూసుకోమని చెప్పింది. నేను దాన్నే చూసి బాగున్నాయని రాశాను. వెంటనే చూడాలి అన్న ముక్క నా నోట్సులో ఉంది, ఇంటికెళ్ళి వెతికాను, నా చేతిరాతతోనే ఉంది, కింద గీత కూడా గీసుకున్నాను.

తర్వాత మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకోవడం. మేస్త్రీ చీపురుపుల్లతో మట్టిలోనే వీధి గీసి, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు రాళ్ళు పెట్టాడు. అన్నీ వీధి వంపు తిరిగాక ఉన్న ఇళ్ళే, ఆ వరసలో రెండిళ్ళు బాగానే ఉన్నాయి, వాళ్ళకు బోరు ఉంది, కుళాయి నీళ్ళు తాగరు. వంపుకు ముందు కుళాయిలో పదిలోపే రంగు వచ్చింది, వంపు దాటాక లేదు. అంటే ఆ మధ్యలో ఓ ముప్పై గజాలు. కాలవ మీద పలకలు లేపించి సిల్ట్ తీయిస్తే, ఒక ఇంటి కనెక్షన్ పైపు కాలవ నీళ్ళలోంచి వెళ్తోంది, మన ఊళ్ళల్లో మామూలే అది, తుప్పు పట్టి జాయింటు దగ్గర చిన్న చిల్లు. కానీ నీళ్ళు వస్తున్నప్పుడు చిల్లులోంచి బయటికి చిమ్మాలి గానీ మురుగు లోపలికి ఎలా పోతుంది, నాకు అర్థం కాలేదు. మేస్త్రీ ఎవరింట్లోంచో గుప్పెడు ఊక తెచ్చి చిల్లు దగ్గర కాలవ నీళ్ళ మీద చల్లాడు. తేలుతూ ఉంది. "ఉండండి" అన్నాడు. కాసేపటికి ఆ ఇంట్లోనే పైపుకు నేరుగా బిగించిన మోటారు రయ్యిన మొదలైంది. ఊక ఒక్కసారి సుడి తిరిగి జాయింటు వైపు లాక్కుపోయింది. మోటారు గుంజినప్పుడల్లా పైపులో పీడనం పడిపోయి చుట్టూ ఉన్న మురుగును పీలుస్తోంది, ఆపినప్పుడు అది మెయిన్ లైనులోకి వెనక్కి తన్ని కింది ఇళ్ళన్నిటికీ పోతోంది. నాలుగు రూపాయల ఊకతో పదిమందికీ కనబడేలా చూపించాడు, ఇంటాయన కూడా చూశాడు, వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఆయన తరఫున ఒక ఫోన్ వచ్చింది, అది వేరే సంగతి, మోటారు మాత్రం తీయించాం.

ఫిట్టర్ పైపు మార్చి కాలవ మీద నుంచి తిప్పాడు, లైనులో క్లోరిన్ ఎక్కువ వేసి నింపి ఉంచి, తర్వాత ఆ నీళ్ళన్నీ బయటికి వదిలేశాం, నాలుగు రోజులు ట్యాంకర్ నీళ్ళు, ఇంటింటికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు, ముసలాయన మూడో రోజు ఇంటికొచ్చాడు. నేను ఆయన్ని చూడటానికి వెళ్ళాను గానీ 0.2 సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది.

తర్వాత నా ప్రొబేషన్ పూర్తయింది, పరీక్షలు పాసైన సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి. మేస్త్రీ రిటైరయ్యాడు. ఆయన సర్వీసు కాగితాల్లో ఎక్కడా ట్రైనింగ్ ఇచ్చినట్టు ఒక్క లైను లేదు, పుష్‌కార్టు ఆమెకు ఇప్పటికీ లేదు, ఆమె ఔట్‌సోర్సింగే. కొత్తవాళ్ళను ఎవరి వెంట పంపాలో ఎవరూ చూడరు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళ వెంట పంపుతారు. నాకు ఈ ముగ్గురు నలుగురు దొరకడం అదృష్టం, అంతే. పక్క వార్డులో నాతో చేరినవాళ్ళకు కుర్చీ రీడింగ్ నేర్పిన ఆయన దొరికాడు, వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు, నాకంటే ర్యాంకు ఎక్కువ.

మాకు ఇప్పుడు గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్రల కిట్లు కూడా ఇస్తున్నారు. వాటిలోనూ వెంటనే చూడాలి, అదేం మారలేదు. నిన్న ఆ అమ్మాయి మూడో లైను చివరి ఇంట్లో మాత్ర వేసి, గొట్టం గోడ మీద పెట్టి, ఫోటో తియ్యడానికి ఫోన్ కోసం బ్యాగు వెతుక్కోవడం మొదలుపెట్టింది. నేను ఏమీ అనకుండా పక్కన నిలబడి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర తలెత్తి చూసింది. రేపు ఆ పిల్లలకు శాంపిళ్ళు, మొదటి మూడూ నేనే పట్టాలి, ఇంకా ఫ్రిజ్‌లో ఐసు పెట్టనే లేదు.